అమ్మమ్మకు కీమో, మనవరాలికి తొట్టెల

తొలి కాన్పు తల్లిగారింట్లో కావాలన్నది నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఇంకా నడుస్తున్న ఆచారమే. బాలింతకు పథ్యం వండేది, చంటిపిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె రాసి నీళ్లు పోసేది అమ్మమ్మ. ఆ అమ్మమ్మకే గర్భసంచి మూతి క్యాన్సర్ అని తేలితే? మన దేశంలో ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సర్ తర్వాతి స్థానం దీనిదే. ఎక్కువగా బయటపడేది నలభై దాటాక. పెళ్లిళ్లు తొందరగా చేసే మన దగ్గర అది సరిగ్గా కూతుళ్ల కాన్పుల కాలం.

ఆ ఇంట్లో మొదట పుట్టే ప్రశ్న, పాపను ఎత్తుకోవచ్చా అని. ఎత్తుకోవచ్చు. క్యాన్సర్ అంటుకునే జబ్బు కాదు. ‘కరెంటు పెట్టించుకున్న’, అంటే రేడియేషన్ తీసుకున్న మనిషి ఒంట్లోంచి కిరణాలు వస్తాయన్న భయం చాలామందికి ఉంది. యంత్రంతో బయటినుంచి ఇచ్చే రేడియేషన్, యంత్రం ఆపగానే ఆగిపోతుంది. ఒంట్లో ఏమీ మిగలదు. లోపల గొట్టం పెట్టి ఇచ్చే రేడియేషన్‌లోనూ ఇంటికి పంపేముందే రేడియేషన్ మూలాన్ని తీసేస్తారు. థైరాయిడ్ క్యాన్సర్‌కు మింగించే అయోడిన్-131 సంగతి మాత్రం వేరు. దాని అర్ధాయువు 8 రోజులు. ఆ మందు తీసుకున్నవాళ్లు డాక్టరు చెప్పినన్ని రోజులు పసిపిల్లలకు దూరంగా ఉండి తీరాలి.

జాగ్రత్త పడాల్సింది కీమో దగ్గర. మందు ఎక్కించాక కనీసం రెండు రోజులు అది మూత్రంలో, విరేచనంలో, వాంతిలో బయటికి వస్తుంటుంది. వాటిని శుభ్రం చేసేవాళ్లు గ్లవ్స్ వేసుకోవాలి, ఆ బట్టలు వేరుగా ఉతకాలి. పాలిచ్చే తల్లికి ఈ పని వద్దు. తాతకు అప్పగించండి. ఇన్నేళ్లూ కుండలోంచి గ్లాసెడు నీళ్లు కూడా ముంచుకోని తాతలకు ఇది ఆలస్యంగా వచ్చిన అవకాశం.

ఇక అసలు సంగతి రక్తంలో ఉంది. మన ఎముకల మూలుగ రోజుకు పదివేల కోట్ల దాకా న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలను తయారుచేస్తుంది. ఒంట్లోకి చొరబడ్డ బ్యాక్టీరియా మీద ముందుగా పడేవి ఇవే. రక్తంలో వీటి ఆయుష్షు చాలా తక్కువ కాబట్టి తయారీ ఆగకుండా సాగుతుండాలి. కీమో వేగంగా విభజన చెందే కణాలన్నిటినీ కొడుతుంది; క్యాన్సర్ కణం, మూలుగ కణం అన్న తేడా దానికి తెలియదు. మూడు వారాలకోసారి ఎక్కించే మందుల్లో చాలావాటికి 7 నుంచి 14 రోజుల మధ్య ఈ కణాలు అడుగంటుతాయి, 21వ రోజుకు మళ్లీ కోలుకుంటాయి. ఆ గడువు పెట్టింది మూలుగ కోలుకోవడానికే. గర్భసంచి మూతి క్యాన్సర్‌కు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు వారానికోసారి ఇస్తారు. దానికి తోడు కటి ఎముకల్లోని మూలుగకు రేడియేషన్ కూడా తగులుతుంది. అందుకే తరచూ రక్తపరీక్ష.

పాప పరిస్థితీ దాదాపు అదే. పుట్టిన బిడ్డ మూలుగలో న్యూట్రోఫిల్స్ నిల్వ తక్కువ. మాయ ద్వారా తల్లి ఇచ్చిన యాంటీబాడీలు కొన్ని నెలలకు తరిగిపోతాయి. అందుకే వైద్యులు ఇద్దరికీ ఒకే గీత గీశారు: 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్. మూడు నెలలలోపు బిడ్డకు గానీ, కీమోలో ఉన్న మనిషికి గానీ జ్వరం ఆ అంకె చేరితే, అర్ధరాత్రయినా ఆస్పత్రికి బయలుదేరాల్సిందే. తెల్లారేదాకా చూద్దామని పారాసిటమాల్ వేస్తే అంకె తగ్గుతుంది, ఇన్ఫెక్షన్ తగ్గదు. ఇంట్లో థర్మామీటర్ లేకపోతే పాప వెండి మొలతాడుకంటే ముందు అది కొనండి.

టీకాలు ఆపొద్దు. బిడ్డకు వేసే చాలా టీకాలు అమ్మమ్మకూ కాపలాయే. కాకపోతే పోలియో చుక్కల్లో ఉన్నది బలహీనపరిచిన సజీవ వైరస్. కొన్ని వారాలపాటు బిడ్డ మలంలో వస్తుంటుంది. రోటావైరస్ చుక్కలదీ ఇదే పద్ధతి. కాబట్టి ఆ రోజుల్లో పాప ముడ్డి కడిగే పని అమ్మమ్మకు వద్దు. పోలియోకు చుక్కల బదులు ఇంజెక్షన్ వేయాలా అన్నది ముందే డాక్టరును అడగాలి.

తిరుగుడు మరో భారం. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. బయటి రేడియేషన్ మామూలుగా 25 సిట్టింగులు, అంటే వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలు. లోపలి రేడియేషన్‌తో కలిపి మొత్తం 8 వారాల్లో ముగియాలి. సాగదీస్తే కణితి తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది. తొట్టెల వేడుక కోసమని చికిత్సను వారం ఆపడం తప్పు. తొట్టెలనే జరపండి. ఖర్చుకు ఆరోగ్యశ్రీ ఉంది. 2007 ఏప్రిల్ 1న అది మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. తెలంగాణలో దాని పరిమితిని 10 లక్షలకు పెంచిందీ, ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం చేసిందీ ఒకే రోజు, 2023 డిసెంబర్ 9న. చికిత్సకు వెళ్లాలంటే, 1955లో పెట్టిన ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఉంది. అమ్మమ్మ వెంట అల్లుడో, కొడుకో వెళ్లడం మేలు. వెళ్లినవాళ్లు తిరిగొచ్చాక బట్టలు మార్చుకుని, చేతులు కడుక్కున్నాకే పాపను తాకాలి.

ఈ హడావిడిలో తల్లిపాలు మాన్పించి డబ్బాపాలు పట్టకండి. తల్లి పేగుల్లోకి చేరిన క్రిములను గుర్తుపట్టిన రక్షణ కణాలు రొమ్ముకు వలస వెళ్లి, వాటికి విరుగుడు యాంటీబాడీలను పాలలో కలుపుతాయి. నల్లగొండకు ఇంకో కారణం కూడా ఉంది. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లలో పాలపొడి కలిపితే ఆ ఫ్లోరైడ్ నేరుగా బిడ్డ కడుపులోకి పోతుంది. తల్లి ఆ నీళ్లే తాగినా పాలలోకి వచ్చేది అత్యల్పం.

ఒక్క పని ఈరోజే చేయండి. పాప టీకా కార్డు అట్ట మీద ‘అమ్మమ్మకు కీమో నడుస్తోంది’ అని, అమ్మమ్మ ఫైలు మీద ‘ఇంట్లో చంటిపిల్ల ఉంది’ అని పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. పిల్లల డాక్టరు అమ్మమ్మ గురించి అడగరు, క్యాన్సర్ డాక్టరు పాప గురించి అడగరు.