మారని మనుషులు, ఆగని నవ్వులు

అతిథులంటే గిట్టదు. నడిపేది మాత్రం హోటల్. బీబీసీ 1975, 1979లలో ప్రసారం చేసిన 'ఫాల్టీ టవర్స్'లో బాసిల్ ఫాల్టీ (జాన్ క్లీజ్) భార్యకు భయపడతాడు, స్పెయిన్ నుంచి వచ్చిన వెయిటర్‌ను బాదుతాడు. తొలి ఎపిసోడ్‌లో ప్రభువంశీయుడనుకుని నెత్తిన పెట్టుకున్న అతిథి కాస్తా మోసగాడని తేలుతుంది. క్లీజ్ 1970లో బస చేసిన టోర్కీ హోటల్ యజమానే ఈ పాత్రకు ప్రేరణ. ఉన్నవి 12 ఎపిసోడ్లే. ఒక్కదాంట్లోనూ బాసిల్‌కు బుద్ధి రాదు.

2001లో బీబీసీలోనే మొదలైన 'ది ఆఫీస్'లో డేవిడ్ బ్రెంట్ (రికీ జర్వేస్) అంతకన్నా ఇబ్బంది పెడతాడు. స్లౌ పట్టణంలో కాగితం కంపెనీ మేనేజరు. సిబ్బందికి తానంటే ప్రాణమని అతని నమ్మకం. వాళ్లకేమో అతని జోకులంటే హడల్. జంషెడ్‌పూర్ పక్కనున్న గమ్హరియాలో ఏ కర్మాగారం ఆఫీసులో కూర్చోబెట్టినా ఇట్టే కలిసిపోతాడు. ఉద్యోగాలు ఊడతాయన్న కబురు చెప్పి, ఆ నోటితోనే తన ప్రమోషన్‌ను శుభవార్తగా ప్రకటించే ఘనుడు మరి. అక్కడ నవ్వు గొంతులో ఆగిపోతుంది.

అదే ఏడాది జెమినీ టీవీలో వచ్చిన 'అమృతం'లోనూ హోటల్ ఉంది, అత్యాశ ఉంది. అయితే అమృతరావు ఎన్ని ఎత్తులు వేసి బోల్తాపడినా ఆంజనేయులు స్నేహం అతన్ని మనవాణ్ని చేసేస్తుంది. దబాయింపు ఇంటి ఓనరు అప్పాజీ వంతు. 2007 దాకా నవ్వించిన ఆ సీరియల్ కూడా హీరోను ప్రేక్షకులకు దూరం చేసే సాహసం చేయలేదు.

గురజాడ ఏనాడో చేశారు. 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం'లో గిరీశం మోసగాడే, పైగా సంస్కర్త వేషం. 1955 సినిమాలో ఆ పాత్ర పోషించింది ఎన్టీ రామారావు.