ఇందిరమ్మ ఇల్లు: ఎవరి పని ఏది? మీరు ఎవరిని అడగాలి?

ఇల్లు మంజూరైందని తెలియగానే అప్పు తెచ్చి పునాది తవ్వించకండి. కొలత తప్పితే బిల్లు ఆగుతుంది, వడ్డీ మాత్రం ఆగదు. ముందు ఈ నాలుగు సంగతులు తెలుసుకోండి.

1. పేరు ఎవరు పంపుతారు?
గ్రామంలో ఇందిరమ్మ కమిటీ ఉంటుంది. సర్పంచ్ లేదా ప్రత్యేకాధికారి దాని చైర్మన్, పంచాయతీ కార్యదర్శి కన్వీనర్. మహిళా సంఘాల సభ్యులు కూడా అందులో ఉంటారు. పట్టణాల్లో వార్డు కమిటీలు ఉంటాయి. కమిటీ చేసేది సిఫారసు మాత్రమే. అధికారులు విచారించాక జిల్లా స్థాయిలో మంజూరు ఇస్తారు. కాబట్టి "పేరు రాయిస్తా, ఇంత ఇవ్వు" అని ఎవరైనా అడిగితే పైసా ఇవ్వొద్దు.

2. ఎంత కట్టాలి?
కనీసం 400 చదరపు అడుగులు, 600 దాటకూడదు. అంటే 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు ఉంటే 600 నిండినట్టే. వంటగది, మరుగుదొడ్డి ఉండాలి. మేస్త్రీ "ఇంకో గది వేద్దాం" అన్నా ఒప్పుకోవద్దు. ముగ్గు పోసేటప్పుడే హౌసింగ్ ఏఈకి గానీ పంచాయతీ కార్యదర్శికి గానీ కొలత చూపించండి.

3. డబ్బు ఎప్పుడు పడుతుంది?
మొత్తం 5 లక్షలు, నాలుగు విడతల్లో: పునాది, గోడలు, స్లాబు, ఇల్లు పూర్తి. మొదటి లక్ష పునాది అయ్యాకే వస్తుంది, ముందుగా రాదు. చేతిలో డబ్బు లేకపోతే, వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లేముందు మీ మహిళా సంఘంలో రుణం దొరుకుతుందేమో అడగండి. ప్రతి దశలో సిబ్బంది వచ్చి యాప్‌లో ఫొటో తీస్తారు. ఆ ఫొటో ఎక్కాకే బిల్లు కదులుతుంది. మీ బ్యాంకు ఖాతాకు ఆధార్ లింక్ అయిందో లేదో ఇవాళే చూసుకోండి.

4. బిల్లు ఆగితే?
ముందు పంచాయతీ కార్యదర్శిని "ఫొటో ఎక్కిందా?" అని అడగండి. ఎక్కితే మండలంలో హౌసింగ్ ఏఈని, ఎంపీడీఓను కలవండి. అక్కడా తేలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లి అర్జీ ఇవ్వండి. మంజూరు పత్రం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు వెంట తీసుకెళ్లండి. అర్జీ ఇచ్చినట్టు రసీదు అడిగి తీసుకోండి.

చదవడం రాని ఇరుగుపొరుగు వారికి దీన్ని చదివి వినిపించండి.