పేరు లేని శ్రమకు పేరు: చైనా వలస కార్మికుల కవిత్వం

1958లో చైనా చట్టబద్ధం చేసిన ‘హుకౌ’ నమోదు విధానం ప్రజలను పుట్టుకతోనే పల్లెవాసులుగా, పట్టణవాసులుగా విడదీసింది. 1980ల తర్వాత కోట్లాది గ్రామీణులు నగరాల కర్మాగారాలకు చేరినా, బడి, వైద్యం వంటి పట్టణ హక్కులు వారికి పూర్తిగా దక్కలేదు. ఈ అంతరం భాషలోనూ కనిపిస్తుంది. సోషలిస్టు కాలపు ‘గోంగ్‌రెన్’ అనే మాటలో కార్మికుడే దేశానికి యజమాని అన్న గౌరవం ఉండేది. తర్వాత వాడుకలోకి వచ్చిన ‘దాగోంగ్’కు అర్థం మరొకరి కింద కూలికి పనిచేయడం. పని ఎప్పుడు పోతుందో తెలియని ఆ బతుకులోంచే ‘దాగోంగ్ కవిత్వం’ పుట్టింది.

సిచువాన్ పల్లె నుంచి 2001లో గ్వాంగ్‌డోంగ్ వెళ్లిన జెంగ్ షియావోచ్యోంగ్ కర్మాగారంలో పనిచేస్తూ రాశారు. 2007లో ఆమెకు ‘పీపుల్స్ లిటరేచర్’ పురస్కారం లభించింది. మహిళా కార్మికులపై ఆమె వెలువరించిన సంపుటిలో అనేక కవితలకు ఒక్కొక్క కార్మికురాలి పేరే శీర్షిక. కర్మాగారం సంఖ్యతో గుర్తించిన మనిషికి కవిత పేరును, ఊరును తిరిగి ఇస్తుంది.

షెన్‌జెన్‌లో ఫాక్స్‌కాన్ కార్మికుడైన షూ లిజీ కవితలు విదేశాల్లో విస్తృతంగా చదవబడినది 2014లో, 24వ ఏట ఆయన ఆత్మహత్య తర్వాతే. సంస్కరణలు జరిగినా హుకౌ నేటికీ రద్దు కాలేదు. కవికి పేరు రావడం, కూలీకి నగరంలో చోటు దొరకడం ఒకటి కావు.