ఫోన్ అవతలి గొంతు: కాల్ సెంటర్ ఉద్యోగం గురించి తల్లిదండ్రులు తెలుసుకోవాల్సినవి



కెరీర్ మాట వస్తే మన ఇళ్లలో ఇంజినీరింగ్, మెడిసిన్, సీఏ పేర్లే ముందు వినిపిస్తాయి. కాల్ సెంటర్ అనగానే "ఏదీ దొరక్కపోతే చేసే పని" అని పెదవి విరుస్తాం. కానీ మన బంధువుల్లోనో, పక్క ఫ్లాట్‌లోనో ఆ జీతంతో ఇల్లు నడుపుతున్నవారు ఉండే ఉంటారు. మన పిల్లల్లోనూ కొందరి మొదటి జీతం అక్కడి నుంచే రావచ్చు. అందుకే ఈ నెల కెరీర్ కార్నర్‌లో ఆ ఉద్యోగం లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

పేరు ఒకరిది, జీతం ఇంకొకరిది

బ్యాంకుకో, మొబైల్ కంపెనీకో మీరు ఫోన్ చేసినప్పుడు మాట్లాడే వ్యక్తి చాలాసార్లు ఆ కంపెనీ ఉద్యోగి కాదు. కాల్స్ తీసుకునే పనిని వేరే సంస్థకు కాంట్రాక్టుకు ఇస్తారు. దీన్నే ఔట్‌సోర్సింగ్ అంటాం. మన దేశంలో ఈ రంగానికి దారి వేసినవాటిలో అమెరికాకు చెందిన జీఈ ఒకటి. 1997లో గురుగ్రామ్‌లో అది మొదలుపెట్టిన విభాగమే 2005లో జెన్‌ప్యాక్ట్ అనే విడి కంపెనీగా మారింది. హైదరాబాద్‌లో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఇలాంటి ఉద్యోగాలకు ఇక్కడా చోటు పెరిగింది.

ఈ పనిలో రెండు రకాలున్నాయి. విదేశీ కస్టమర్లతో మాట్లాడేది ఇంటర్నేషనల్ ప్రాసెస్, మన దేశం వారితో మాట్లాడేది డొమెస్టిక్ ప్రాసెస్. మొదటిదానిలో గడియారమే పెద్ద సమస్య. న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలైతే మనకు వాళ్ల వేసవిలో సాయంత్రం 6.30, చలికాలంలో 7.30. అక్కడ ఆఫీసు ముగిసే 5 గంటలకు మనకు తెల్లవారుజామున 2.30 లేదా 3.30 అవుతుంది. రెండోదానిలో ఎక్కువగా పగటి పనే. అక్కడ ఇంగ్లిష్‌తో పాటు చక్కని తెలుగు, హిందీ కూడా కావాలి.

ఐదు నిమిషాల బ్రేక్‌కు కూడా లెక్క ఎందుకు?

కాల్ సెంటర్లో చేసేవారు తరచూ చెప్పే కష్టం ఒకటుంది: లాగిన్ ఆలస్యమైతే ప్రశ్న, టాయిలెట్‌కు వెళ్లినా లెక్క, సెలవు అడిగితే కష్టం. దీని వెనుక గణితం ఉంది. "మ్యాథ్స్ ఎక్కడ పనికొస్తుంది?" అని పిల్లలు అడిగితే ఈ ఉదాహరణ చెప్పండి.

గంటకు 100 కాల్స్, ఒక్కో కాల్‌కు 6 నిమిషాలు అనుకుందాం. మొత్తం 600 నిమిషాలు, అంటే 10 మంది గంట పని. మరి 10 మంది సరిపోతారా? సరిపోరు. కాల్స్ వరుసగా రావు, ఒక్కసారిగా మీదపడతాయి. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన డెన్మార్క్ గణితవేత్త ఎర్లాంగ్ వందేళ్ల కిందటే దీనికి సూత్రం కనిపెట్టారు. ఆ లెక్కన 11 మంది ఉంటే కస్టమర్ సగటున 4 నిమిషాలు వేచి ఉండాలి. 14 మంది ఉంటే సగటు 16 సెకన్లకు దిగుతుంది. నూటికి 80 కాల్స్ 20 సెకన్లలోపు ఎత్తాలన్నది ఈ రంగంలో చాలాచోట్ల వాడే కొలత. దాన్ని అందుకోవాలంటే 14 మంది కావాల్సిందే. ముగ్గురు తగ్గితే క్యూ కట్టలు తెంచుకుంటుంది.

ఖర్చు తగ్గించుకోవడానికి సంస్థ ఆ ముగ్గురిని తగ్గిస్తే భారం మిగిలినవారి మీద పడుతుంది. ఆ ఒత్తిడి మీ అబ్బాయి, అమ్మాయి బద్ధకం వల్ల వచ్చింది కాదని గుర్తుంచుకోండి.

అసలు నైపుణ్యం ఏమిటి?

చేరగానే ముందు ఉచ్చారణ, మాట్లాడే తీరుపై శిక్షణ ఇస్తారు. తర్వాత ప్రాసెస్ శిక్షణ, ఆపై సీనియర్ల పర్యవేక్షణలో అసలు కాల్స్. కాల్స్ రికార్డవుతాయి. వాటిలో కొన్నిటిని క్వాలిటీ విభాగం విని మార్కులు వేస్తుంది. చెవితో వింటూ, కళ్లతో స్క్రీన్ చదువుతూ, చేత్తో టైప్ చేస్తూ, గొంతులో మర్యాద తగ్గకుండా మాట్లాడాలి. అవతలివారు తిట్టినా తిరిగి అనకూడదు. డబ్బు వాపసు ఇచ్చే అధికారం చాలాసార్లు చేతిలో ఉండదు, తిట్లు మాత్రం తనకే. ఇలా మనసులో ఒకటి ఉన్నా బయటికి మరొకటి చూపించాల్సిన శ్రమకు అమెరికా సామాజికవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో తన పుస్తకంలో "ఎమోషనల్ లేబర్" అని పేరుపెట్టారు. షిఫ్ట్ ముగించుకుని ఇంటికొచ్చినవారు కాసేపు మౌనంగా ఉంటే అది అలసట, పొగరు కాదు.

ఏఐ వస్తే ఈ పని ఉంటుందా?

బ్యాలెన్స్ ఎంత, ఆర్డర్ ఎక్కడుంది లాంటి తేలిక ప్రశ్నలు ఇప్పటికే యంత్రాలకు వెళ్తున్నాయి. స్వీడన్‌కు చెందిన క్లార్నా కంపెనీ తన ఏఐ అసిస్టెంట్ 700 మంది ఏజెంట్ల పని చేస్తోందని 2024లో ప్రకటించింది. 2025లో అదే కంపెనీ కస్టమర్లకు మనిషితో మాట్లాడే అవకాశం ఉండాలంటూ మళ్లీ మనుషులను తీసుకోవడం మొదలుపెట్టింది. చూస్తుంటే స్క్రిప్టు చదివే పని తగ్గుతోంది. చిక్కుముడి విప్పే, కోపాన్ని చల్లార్చే పనికి మాత్రం ఇంకా మనిషే కావాలి.

ఆఫర్ వస్తే అడగాల్సినవి

• ఉద్యోగం కోసం డిపాజిట్ లేదా ట్రైనింగ్ ఫీజు అడుగుతున్నారా? అడిగితే అనుమానించండి.
• ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుంటామంటున్నారా? ఇవ్వకండి.
• వచ్చే కాల్స్‌కు జవాబివ్వాలా, ఫోన్ చేసి అమ్మాలా? అమ్మకమైతే టార్గెట్ ఎంత?
• జీతంలో స్థిరమైనది ఎంత, ఇన్సెంటివ్ ఎంత? పీఎఫ్ ఉందా?
• రాత్రి షిఫ్ట్ అయితే ఇంటి గుమ్మం దాకా క్యాబ్ ఉందా? అమ్మాయిల విషయంలో ఇది తప్పక అడగండి.
• విదేశంలో కాల్ సెంటర్ లేదా డేటా ఎంట్రీ ఉద్యోగం అంటే రెట్టింపు జాగ్రత్త. ఇలాంటి మాటలు నమ్మి కాంబోడియా వెళ్లిన మన యువకులతో అక్కడ బలవంతంగా సైబర్ మోసాలు చేయించిన వైనాన్ని 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు. ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోండి. టూరిస్టు వీసా మీద పంపిస్తామంటే ఒప్పుకోకండి.

ఇంట్లో ఇప్పుడే చేయగలిగినవి

శ్రద్ధగా వినడం, స్పష్టంగా చెప్పడం, కోపాన్ని అదుపులో పెట్టుకోవడం ఏ ఉద్యోగానికైనా అవసరమే. డాక్టరుకూ, లాయరుకూ కూడా. వీటిని బడి కొంత నేర్పుతుంది, ఇల్లు ఎక్కువ నేర్పుతుంది.

ఆరో తరగతి దాటిన పిల్లలతో ఆసుపత్రి అపాయింట్‌మెంట్‌కో, గ్యాస్ బుకింగ్‌కో మీ ఎదుటే ఫోన్ చేయించండి. ఫోన్ పెట్టేశాక అవతలివారు ఏం చెప్పారో రెండు వాక్యాల్లో చెప్పమనండి. వారానికి ఒకసారి తెలుగు పేపర్‌లోని వార్త చదివించి, దాన్ని ఇంగ్లిష్‌లో చెప్పించండి.

ఇంకొక్కటి. ఈసారి కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసినప్పుడు పిల్లలు పక్కనే ఉంటే మన గొంతును మనమే గమనించుకుందాం. సమస్యను గట్టిగానే చెప్పవచ్చు, ఫిర్యాదు నంబర్ తీసుకోవచ్చు, పై అధికారిని అడగవచ్చు. అరవకుండానే ఇవన్నీ చేయవచ్చని పిల్లలు మనల్ని చూసే నేర్చుకుంటారు.