నిమ్మ మొక్కకు చలి గండం

అమెరికాలో సొంతిల్లు కొన్న మనవాళ్లు పెరట్లో ముందుగా పెట్టే మొక్కల్లో కరివేపాకు, నిమ్మ తప్పకుండా ఉంటాయి. టెక్సాస్, ఫ్లోరిడా, కాలిఫోర్నియాల్లో ఎండకు కొదవ లేదు కాబట్టి నిమ్మ రెండేళ్లలో ఏపుగా పెరుగుతుంది. ఇక కాయలే తరువాయి అనుకుంటుండగా ఓ జనవరి రాత్రి చలి విరుచుకుపడుతుంది. తెల్లారేసరికి ఆకులన్నీ ఉడికిన తోటకూరలా వేలాడుతుంటాయి.

ఈ దెబ్బ తరాలుగా నారింజ పండించిన వాళ్లకూ తగిలింది. 1894-95 చలికాలంలో ఫ్లోరిడా తోటలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. మళ్లీ 1983, 1985, 1989ల్లో వరుసగా గడ్డకట్టే చలి రావడంతో అక్కడి తోటలు రాష్ట్రంలో మరింత దక్షిణానికి తరలిపోయాయి. 2021 ఫిబ్రవరి 16న డాలస్ విమానాశ్రయంలో మైనస్ 2 డిగ్రీల ఫారన్‌హీట్, హ్యూస్టన్‌లో 13 డిగ్రీలు నమోదయ్యాయి. టెక్సాస్‌లో 45 లక్షలకు పైగా ఇళ్లకు కరెంటు పోయింది. బల్బులు వెలిగించి మొక్కను వెచ్చగా ఉంచుదామనుకున్న వాళ్లకు ఆ దారీ మూసుకుపోయింది.

మరి కరెంటు లేకపోయినా పనిచేసే ఉపాయం ఏదైనా ఉందా? ఉంది. ఓ పార, నాలుగు గంపల మట్టి ఉంటే చాలు.

ఊరి సలహాకు ఉల్టా

నల్గొండ బత్తాయి రైతును అడిగితే 'మొదట్లోకి మట్టి ఎగదోయొద్దు, అంటు కట్టిన చోట తడి తగలనివ్వొద్దు' అంటాడు. బంక తెగులు వస్తుందని ఆయన భయం. అది నిజమే. కానీ మన ఊళ్లో నీళ్లు గడ్డకట్టే చలి ఉండదు. ఇక్కడ చలికాలం మూడు నెలలూ ఆయన చెప్పినదానికి సరిగ్గా ఉల్టా చేయాలి.

నర్సరీలో కొనే నిమ్మ, నారింజ మొక్కలు చాలావరకు అంటు మొక్కలే. నేలకు జానెడు ఎత్తులో అతుకు కనిపిస్తుంది. దానిపైన ఉన్నదే మనం కోరి కొన్న రకం. కింద ఉన్నది వేరే జాతి. కొమ్మలన్నీ ఎండిపోయినా అతుకు పైన బెత్తెడు కాండం బతికి ఉంటే అక్కడి నుంచే మన రకం మళ్లీ చిగురిస్తుంది. అతుకు దాకా చచ్చిపోతే మాత్రం కింది జాతే లేస్తుంది. చాలా మొక్కలకు అది మూడేసి ఆకులు, పొడుగాటి ముళ్లు ఉండే ట్రైఫోలియేట్ రకం. దాని కాయలు చేదు. మొక్క బతికిందన్న సంతోషంలో ఏళ్ల తరబడి నీళ్లు పోసినా పులిహోరకు ఒక్క కాయా పనికిరాదు.

అందుకే నవంబరు చివర్లో గానీ డిసెంబరు మొదట్లో గానీ అతుకు మునిగి పైకి ఓ అడుగు దాకా వచ్చేలా శుభ్రమైన మట్టిని కాండం చుట్టూ గుట్టగా పోయాలి. ఆకులు, చెత్త కలవకూడదు. చలి భయం తీరాక, మార్చిలో మొత్తం తీసేయాలి. బద్ధకించి వదిలేస్తే మన రైతు భయపడ్డట్టే బెరడు కుళ్లుతుంది. నాలుగైదేళ్ల వయసు వచ్చేదాకా ఏటా ఈ పని తప్పదు.

దుప్పటి ఎలా కప్పాలి?

రాత్రిపూట మొక్కకు వేడినిచ్చేది నేలే. పగలు ఎండకు వేడెక్కిన భూమి రాత్రి ఆ వేడిని వదులుతుంది. అందుకని చలికాలంలో మొదలు చుట్టూ గడ్డి లేకుండా చూడాలి. చలి రాబోతోందని తెలియగానే ఒకటి రెండు రోజుల ముందు నేలకు బాగా నీళ్లు పెట్టాలి. తడి నేల వేడిని ఎక్కువగా దాచుకుంటుంది. దుప్పటి నేల దాకా దించి అంచుల మీద రాళ్లు పెట్టాలి. దాన్ని కాండానికి మూటలా బిగిస్తే నేల వేడి లోపలికి చేరదు. ప్లాస్టిక్ షీటు వాడితే ఆకులకు తగలనివ్వొద్దు. ఎండెక్కగానే తీసేయాలి. ఎల్‌ఈడీ బల్బుల తోరణాలు వెలుగునిస్తాయే తప్ప పెద్దగా వేడినివ్వవు.

తోటల్లో రాత్రంతా నీళ్లు చిమ్ముతారు కదా, మనమూ పైపుతో తడుపుదామని కొందరికి అనిపిస్తుంది. నీరు గడ్డకట్టేటప్పుడు వేడి వదులుతుందన్న మాట నిజమే. కానీ ఐసు కరిగేదాకా ఆపకుండా చిమ్మాలి. మధ్యలో ఆపితే, అందులోనూ గాలి వీస్తుంటే, అసలుకే మోసం.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు, డాలస్ లాంటి చలి ఊళ్లలో ఉన్నవాళ్లకు కుండీయే మేలు. కుండీలో వేర్లు త్వరగా గడ్డకడతాయి కాబట్టి ఆ రాత్రులు గ్యారేజీలోకి చేర్చాలి. కరివేపాకు కుండీకీ ఇదే మాట.

ఏ రకం కొనాలి?

మన ఊళ్లో దొరికే చిన్న నిమ్మకు దగ్గరిది ఇక్కడ కీ లైమ్, మెక్సికన్ లైమ్ పేర్లతో దొరుకుతుంది. చలికి ముందు చచ్చేది అదే. మేయర్ లెమన్ కాస్త నయం. సత్సుమా కమలా, కుమ్‌క్వాట్ ఇంకా గట్టివి.

చలి దెబ్బ తగిలాక చేయాల్సింది మాత్రం ఒక్కటే, ఓపిక పట్టడం. ఎండినట్టు కనిపించే కొమ్మను వెంటనే నరకొద్దు. ఏది చచ్చిందో, ఏది బతికిందో వసంతంలో చిగుళ్లు వచ్చేదాకా తెలియదు. ఆ చిగురు అతుకు పైన వచ్చిందా, కింద వచ్చిందా అన్నది ముందు చూసుకోండి. కింద వస్తే తుంచేయండి. పైన వస్తే ఆ చెట్టు మీకు దక్కినట్టే.