కొత్త కెప్టెన్ వస్తే జట్టు గెలుస్తుందా?

పిల్లలూ! కల్హేర్ బడి మైదానంలో మీ క్రికెట్ జట్టు వరుసగా ఓడితే ఏం చేస్తారు? కెప్టెన్‌ను మార్చేస్తారు కదూ!

2008 ఐ.పి.ఎల్.లో హైదరాబాదు జట్టు డెక్కన్ ఛార్జర్స్ 14 ఆటల్లో రెండే గెలిచి, ఎనిమిది జట్లలో ఆఖరున నిలిచింది. మరుసటి ఏడు పగ్గాలు పూర్తిగా గిల్‌క్రిస్ట్‌కు ఇచ్చి, కోచ్‌గా లీమన్‌ను తెచ్చుకున్నారు. అంతే, ఫైనల్లో బెంగుళూరుపై 6 పరుగులతో నెగ్గి కప్పు కొట్టారు!

ఇదంతా కొత్తవారి మహిమేనా? ఒక పని చేయండి. తరగతిలో అందరూ రూపాయి బిళ్ళను 14 సార్లు ఎగరేసి, బొమ్మలెన్ని పడ్డాయో రాయండి. ఎవరికో నాలుగే పడతాయి. వాణ్ణి మళ్ళీ ఎడమచేత్తో ఎగరేయమనండి. ఈసారి చాలామటుకు ఎక్కువే పడతాయి. ఎడమచేతి మహిమా? కాదు. అంతటి దురదృష్టం వెంటనే మళ్ళీ రావడం అరుదు, అంతే. దీన్ని 'సగటుకు మళ్ళడం' అంటారు. తల్లిదండ్రుల ఎత్తునూ పిల్లల ఎత్తునూ పోల్చి చూసి గాల్టన్ 19వ శతాబ్దంలోనే దీన్ని గుర్తించాడు.

అయితే జట్టు రూపాయి బిళ్ళ కాదు. 2009 సెమీఫైనల్లో గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 పరుగులు చేశాడు. అది అదృష్టమొక్కటే కాదుగా! పైగా ఆ ఏడు ఆటలన్నీ దక్షిణాఫ్రికాలో జరిగాయి. ఇన్ని ఒకేసారి మారితే ఎవరి వాటా ఎంతో ఎలా తేలుతుంది? అంతే చిత్తుగా ఓడి కూడా కెప్టెన్‌ను మార్చని జట్లు మరుసటి ఏడు ఎలా ఆడాయో చూడాలి. మీ చుట్టుపక్కల ఊళ్ళ జట్ల స్కోరు పుస్తకాలు దొరికితే ఆ లెక్క మీరే మొదలుపెట్టవచ్చు.