నకిలీ బ్యాట్లు: స్టిక్కర్ మాట, చెక్క మాట

ఆన్‌లైన్‌లో కొన్న క్రికెట్ బ్యాట్ ఇంటికి రాగానే చాలామంది ముందు స్టిక్కర్లే చూస్తారు. అక్షరాలు సరిగా ఉన్నాయా, హోలోగ్రామ్ మెరుస్తోందా, క్యూఆర్ కోడ్ స్కాన్ అవుతోందా అని పరీక్షించి, అన్నీ ఉంటే బ్యాట్ అసలుదేనని నమ్మేస్తారు. నకిలీ వ్యాపారం నిలబడింది ఈ నమ్మకం మీదే. బ్యాట్ స్టిక్కర్లు సెట్లుగా విడిగా దొరుకుతాయి. పాత బ్యాట్‌ను కొత్తగా చేసుకోవాలనుకునేవాళ్లు వాటిని కొంటారు, అందులో తప్పేమీ లేదు. కానీ అదే సెట్టు ఏ చెక్క మీదైనా అంటుకుంటుంది. హోలోగ్రామ్‌నూ అచ్చు వేయించవచ్చు. అసలు బ్యాట్ మీది క్యూఆర్ కోడ్‌ను ఫొటో తీసి వెయ్యి బ్యాట్ల మీద ముద్రిస్తే, స్కాన్ చేసిన ప్రతిసారీ అసలు కంపెనీ పేజీయే తెరుచుకుంటుంది. ఒక్కో బ్యాట్‌కు ఒక్కో నంబరు ఇచ్చి, ఆ నంబరు ఇదివరకే నమోదైందో లేదో చెప్పే కంపెనీ అయితేనే కోడ్‌కు కొంత విలువ. ఏ గుర్తునైనా తూచాల్సింది ఇలాగే: దాన్ని నకలు చేయడం ఎంత చవకైతే, సాక్ష్యంగా అది అంత బలహీనం.

‘ఫలానా స్టార్ ఆడే బ్యాట్ ఇదే’ అన్న ప్రచారమూ ఈ కొలతకు నిలవదు. సచిన్, లారా, కోహ్లీల బ్యాట్ల మీద మనం చూసిన ఎమ్మారెఫ్ అక్షరాలు చెన్నైకి చెందిన టైర్ల కంపెనీవి. పెద్ద ఆటగాళ్ల బ్యాట్ మీది పేరు చాలాసార్లు స్పాన్సర్‌ది. లోపలి చెక్కను మలిచిన చెయ్యి వేరే చోట ఉండవచ్చు.

నకలు చేయడానికి నిజంగా ఖర్చయ్యేది చెక్క. ఖరీదైన బ్యాట్లకు వాడే ఇంగ్లిష్ విల్లో ప్రధానంగా ఇంగ్లండ్‌లో, ముఖ్యంగా ఎసెక్స్, సఫోక్ ప్రాంతాల్లో పెరుగుతుంది. అక్కడ చీల్చి ఆరబెట్టిన దుంగ ముక్కలు మీరట్, జలంధర్‌లకు వచ్చి బ్యాట్లవుతాయి. కాబట్టి ‘తయారీ: ఇండియా’ అని ఉంటే ఇంగ్లిష్ విల్లో కాదనుకోవడం పొరపాటు. ఎస్‌జీ, ఎస్‌ఎస్ లాంటి పేరున్న కంపెనీల సొంత ఊరే మీరట్. ఇక తెల్లగా ఉంటే మంచిది, గీతలు ఎక్కువుంటే ఇంకా మంచిది అన్న నమ్మకం అమ్మేవాళ్లకు బాగా పనికొచ్చింది. బ్లేడు మీది ఒక్కో గీత చెట్టు వయసులో ఒక్కో ఏడాది. విల్లోను సాధారణంగా 15 నుంచి 20 ఏళ్ల వయసులో కొడతారు. గీతలు దగ్గర దగ్గరగా ఉన్న బ్యాట్ త్వరగా ఆటకు తయారవుతుందని, ఎడంగా ఉన్నది ఎక్కువ కాలం మన్నుతుందని ఆటగాళ్లు, తయారీదారులు చెబుతారు. ఏదైనా అది చెట్టు పెరిగిన తీరుకు గుర్తు, అసలుతనానికి ముద్ర కాదు. చవక రకమైన కాశ్మీర్ విల్లోకూ గీతలుంటాయి. దాని గోధుమ ఛాయను బ్లీచ్ చేసి తెల్లబరిచి, ఇంగ్లిష్ విల్లో పేరుతో అమ్మడం ఈ మోసాల్లో పాతది.

అందుకే చూడాల్సింది బ్లేడు ముందు భాగం ఒక్కటే కాదు. అసలు గీత చెక్క లోపలి నుంచి వస్తుంది. బ్యాట్‌ను తలకిందులు చేసి అడుగు కొస చూస్తే, ముందువైపు కనిపించిన గీతలే అక్కడా ముందు నుంచి వెనక్కి సాగాలి, వెనకవైపునా తేలాలి. ముందు గీతలుండి కొసన ఏమీ లేకపోతే అవి గీసినవో, ముద్రించినవో. ఆ తర్వాత హ్యాండిల్ బ్లేడులోకి దిగే ‘వి’ ఆకారపు అతుకు చూడాలి. మంచి పనితనంలో ఆ రెండు గీతలు సన్నగా, సందు లేకుండా ఉంటాయి. జిగురు కారిన మచ్చలు, రంపపు పొట్టుతో పూడ్చిన ఖాళీలు కనిపిస్తే అనుమానించాలి. బ్లేడంతా రంగు షీటుతో కప్పేసి, చెక్క కనిపించే జాగానే లేకపోతే ఆ బ్యాట్‌ను ఇంగ్లిష్ విల్లో ధర పెట్టి కొనకూడదు.

ఆన్‌లైన్‌లో ఇవన్నీ ఎలా చూస్తామని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. జాబితాలో పెట్టే ఫొటో తరచూ కంపెనీ ఫొటో, మీకు వచ్చే బ్యాట్‌ది కాదు. కొస, వెనకవైపు, అతుకు ఫొటోలు పంపమని అడిగితే నిజాయతీగల అమ్మకందారుకు అది పెద్ద పని కాదు. పెద్ద వెబ్‌సైటు కాబట్టి సరుకు మంచిదేనన్న ధీమా కూడా వద్దు. చాలా సైట్లు సంతలో స్థలం ఇచ్చినట్టు ఇతరుల సరుకు అమ్మిస్తాయి. చూడాల్సింది సైటు పేరు కాదు, అమ్మకందారు పేరు. అతను అధీకృత డీలరో కాదో కంపెనీనే అడిగి తెలుసుకోవచ్చు. ‘ఫ్యాక్టరీ ధర కాబట్టే చవక’ అన్న మాటకూ హద్దు ఉంది. పైతరగతి ఇంగ్లిష్ విల్లో బ్యాట్ ధర పదుల వేల రూపాయల్లో ఉంటుంది. దళారుల లాభం మొత్తం తీసేసినా, విదేశం నుంచి వచ్చిన చెక్క రెండు మూడు వేలకు దిగిరాదు.

‘చవగ్గా దొరికింది, బాగానే ఆడుతోంది, నష్టమేమిటి?’ అనేవాళ్లూ ఉన్నారు. టెన్నిస్ బంతితో ఆడేవాళ్లకు ఇంగ్లిష్ విల్లో అవసరమే లేదు. మన ఊళ్లలో సంక్రాంతి టోర్నమెంట్లకు కాశ్మీర్ విల్లో బ్యాట్ చాలు, దాన్ని ఆ పేరుతోనే, ఆ ధరకే కొనుక్కోవచ్చు. 160 గ్రాముల లెదర్ బంతి దగ్గరే తేడా తెలుస్తుంది. సరిగా నొక్కని మెత్తని చెక్క పగులుతుంది, నాసి హ్యాండిల్ చేతిలోనే విరుగుతుంది. అకాడమీలో చేరిన పిల్లవాడికి అప్పు చేసి బ్యాట్ కొనిచ్చిన తల్లిదండ్రులకు ఇది చిన్న నష్టం కాదు. కాశ్మీర్ విల్లో బ్యాట్లు చేసే అనంతనాగ్, పుల్వామా జిల్లాల పనివాళ్లకూ అన్యాయమే: వాళ్ల ప్రాంతపు చెక్క మంచి పేరు తెచ్చుకోవాల్సిన చోట దొంగ పేరుతో చలామణి అవుతోంది.

నకిలీ సరుకును గానీ, ప్రకటనలో చెప్పినట్టు లేని సరుకును గానీ వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. అయితే అవిసె నూనె రాసి, సుత్తితో కొట్టి ఆటకు తయారుచేసిన బ్యాట్‌ను వాపసు ఇస్తామంటే వాదన మొదలవుతుంది. కాబట్టి పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసి, కొస, అతుకు, వెనకవైపు చూసుకున్నాకే నూనె సీసా మూత తీయాలి.